మూడు వందలంటే మూడు వందలే

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు. లక్ష్మీనారాయణ నాలుక అబద్ధం వైపు తిరిగేది కాదు గానీ, సరుకు అమ్మేటప్పుడు మాత్రం ఉన్న నిజానికే కాస్త ఉప్పూ కారం తగిలించి వడ్డించేది. దానికే ఇంత గొడవ జరిగింది.

ఆయనది ప్రొద్దుటూరు. మాదాపూర్‌లో షట్టర్ ఒకటి కిరాయికి తీసుకుని కంప్యూటర్ల దుకాణం పెట్టే నాటికి సైబర్ టవర్స్ ఇంకా సిమెంటు మూటల మధ్యే ఉంది. ఇప్పుడు దానికి అద్దాలొచ్చాయి, లోపల ఏసీలొచ్చాయి, మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలొచ్చారు. చుట్టుపక్కల బండలు పేల్చడం మాత్రం ఆగలేదు. ఆ దుమ్ముకు రోజుకు పదిసార్లు గాజు బల్ల తుడుచుకుంటూ, వచ్చిన వాళ్ళందరినీ "అన్నా" అని పలకరిస్తూ, లక్ష్మీనారాయణ ఈ కొత్త ఊళ్ళో కాస్తో కూస్తో పేరు తెచ్చుకున్నాడు. సీమ మనిషైనా మాట మంచివాడు, మోసం చెయ్యడు అన్నది ఆ పేరు. పెట్టుబడి అంతంత మాత్రమే. కాబట్టి ఆయన ఆస్తి ఏదైనా ఉందంటే ఆ పేరే.

ఆ యేడు ఉగాది ముందర నార్సింగి నుంచి బాలనర్సయ్య వచ్చాడు. తాతల నాడు గొర్రెల మందలున్న కుటుంబం. ఇప్పుడు గొర్రెలు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. కూతురు రోహిణికి ఎదురుగా ఉన్న టవర్లోనే కొత్తగా ఉద్యోగం దొరికింది. ఇంట్లో కూడా పని చేసుకోవాలంటే ల్యాప్‌టాప్ కావాలంది. ఆ వస్తువు పేరు పలకడం బాలనర్సయ్యకు అప్పటికింకా పూర్తిగా పట్టుబడలేదు. కానీ ఇంజన్ ఉన్న దేన్ని కొన్నా అడగాల్సిన ప్రశ్న ఒకటుందని ఆయనకు తెలుసు.

"ఎంత తాకతుంటది సేటూ దీనికి?"

లక్ష్మీనారాయణ డబ్బా మీది అంకె చూపించాడు. మూడు వందల మెగాహెర్ట్‌జ్. అంటే లోపలున్న ప్రాసెసర్ సెకనుకు ముప్పై కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఆయనకూ అంతవరకే తెలుసు. అంతవరకే చెప్పి ఊరుకుంటే కథే లేదు.

"మూడు వందలంటే మూడు వందలేనన్నా. పొద్దున మూడు వందలే, మాపు మూడు వందలే. ఒక్కటి తగ్గినా తెచ్చి నా మొహాన కొట్టు."

బాలనర్సయ్యకు ఆ మాట బాగా నచ్చింది. కొని తీసుకుపోయి ఊళ్ళో అందరికీ "మూడు వందలది" అని చెప్పుకున్నాడు. దేంట్లో మూడు వందలో అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు. అంకె పెద్దదిగా ఉంది, చాలు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం బాలనర్సయ్య ఆ చెప్పింది చెప్పినట్టు చేశాడు. ల్యాప్‌టాప్ తెచ్చాడు. మొహాన కొట్టలేదు గానీ, గాజు బల్ల మీద పెట్టిన తీరుకు బల్ల పగలనందుకు లక్ష్మీనారాయణ దేవుడికి దండం పెట్టుకున్నాడు.

దుకాణంలో అప్పుడు నలుగురున్నారు. టవర్లో పని చేసే ఇద్దరు కుర్రాళ్ళు, టీ ఇచ్చిపోవడానికి వచ్చిన పక్క హోటల్ వీరేశం, మియాపూర్‌లో కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపే విశ్వేశ్వరరావు. ఈ చివరాయన పెద్ద బేరం మీద వచ్చాడు. తన కేంద్రానికి కావలసిన మిషన్లన్నీ ఒక్కచోటే కొంటానంటూ టీ తాగుతున్నాడు.

"సేటూ, మూడు వందలంటివి. నా ఇంట్ల నూట యాభై గూడ దాటుతలేదు. నా బిడ్డ ఆఫీసుకెల్లి ఫ్లాపీ తెచ్చి కొలిచింది. ఒక్కసారి గాదు, రోజూ కొలుస్తుంది."

లక్ష్మీనారాయణ నవ్వుతూనే మిషన్ అందుకున్నాడు. ఆ ఫ్లాపీనే పెట్టి, అందరికీ కనబడేలా తెర తిప్పి నడిపించాడు. ఫ్లాపీలో ఉన్నది చిన్న ప్రోగ్రాము. ప్రాసెసర్‌తో ఏవో లెక్కలు చేయించి, ఎంత వేగంగా చేసిందో చూసి అంకె చెబుతుంది. రెండు వందల తొంభై ఎనిమిది అని చూపించింది.

"చూడన్నా. రెండు తక్కువ మూడు వందలు. కొలతలో ఆ మాత్రం తేడా ఉంటాది."

ఇక్కడితో సద్దుమణగాలి. కానీ బాలనర్సయ్య మొహం ఇంకా నల్లబడింది.

"నీ దుకాణంల మూడు వందలు, నా ఇంట్ల నూట యాభై. గిదేం లెక్క? నాకేం సమజ్ గాదనుకున్నవా? తక్కువ దాని మీద ఉన్న అంకె గీకేసి ఎక్కువ అంకె ముద్ర కొట్టి అమ్ముతున్నరని నా బిడ్డ ఆఫీసుల అందరంటున్నరు. నీ దగ్గర నడిచేటట్టు ఏదో కిటుకు పెట్టినవ్. నువ్వు దొంగవు సేటూ."

మిషన్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. విశ్వేశ్వరరావు సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "పనుందండి, మళ్ళీ వస్తాను" అని లేచాడు. మళ్ళీ వస్తానన్న మాటకు అర్థమేమిటో వ్యాపారం చేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఊరి నోటికి తాళం వెయ్యలేం కదా. వీరేశం హోటల్లో టీ తాగిన ప్రతివాడికీ ఆ కబురు చక్కెరతో పాటే అందింది. దుకాణం ముందు నుంచి పోయే కుర్రాళ్ళు లోపలికి తొంగిచూసి నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. లక్ష్మీనారాయణకు బేరాలు తగ్గినందుకు అంత బాధ లేదు. దుకాణం మూతబడితే ఇంకోచోట తెరుచుకోవచ్చు. దొంగ అనిపించుకున్నాక ఏ ఊళ్ళో తెరిచినా ఆ పేరు తనకంటే ముందే అక్కడికి చేరుతుంది. ఆయనకు నిజంగా భయం వేసింది.

దానికి తోడు ఇంకో పురుగు మెదడు తొలిచేస్తోంది. అంకెలు గీకేసి అమ్మే మాయదారి సరుకు బజారులో ఉన్న మాట నిజమే. సికింద్రాబాద్ డీలరు దగ్గర సీలు వేసిన డబ్బా తెచ్చి సీలు వేసినట్టే అమ్మాడు తను. లోపలేముందో చూశాడా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు తననే ఎవరైనా మోసం చేసి ఉంటే? డీలరుకు ఫోన్ చేస్తే, "మూడు వందలదేనయ్యా, అనుమానమెందుకు" అని నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు తను బాలనర్సయ్య ముందు నవ్విన నవ్వులాగే ఉంది.

అన్నం ముందు కూర్చుని కెలుకుతున్న మొగుణ్ణి చూసి సరోజమ్మే దారి చెప్పింది.

"దుకాణంలో బాగా నడిచేది వాళ్ళింట్లో ఎందుకు కుంటుతాందో ఈడ కూసుంటే ఎట్ల తెలుస్తాది? వాళ్ళింటికే పోయి చూడు."

"దొంగ అన్నోళ్ళ ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోయేది?"

"దొంగయితే పోడు. నువ్వు పో."

ఆదివారం స్కూటరు తీశాడు. గచ్చిబౌలి దాటాక రోడ్డు పొడవునా బండరాళ్ళు, మధ్యమధ్య కొత్తగా పాతిన హద్దురాళ్ళు. పది మంది మీద పడి కొట్టినా అడిగే దిక్కులేని చోటికి పోతున్నాననుకున్నాడు. వెనక్కి తిరుగుదామని రెండు మూడుసార్లు అనిపించింది. సరోజమ్మకు ఏం చెప్పాలో తోచక ముందుకే పోయాడు.

కొట్టడానికి ఎవరూ రాలేదు. బాలనర్సయ్య ప్లాస్టిక్ కుర్చీ చూపించి తను మంచం మీద కూర్చున్నాడు. ఆయన తల్లి పోచమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. శత్రువుకైనా ముందు నీళ్ళివ్వాలన్న ఇల్లది.

గదిలో ఒక పక్క చిన్న చెక్కబల్ల, దాని మీద నాలుగు మడతలు పెట్టిన నల్ల గొంగడి, దాని మీద ల్యాప్‌టాప్. మూతకు పసుపు, కుంకుమ. ఆ గొంగడి ఉన్ని వడికింది పోచమ్మ, నేసింది ఆమె పెనిమిటి. ఇంటికి గౌరవంగా వచ్చినదేదైనా, మనిషైనా వస్తువైనా, కటికనేల మీద కూర్చోరాదు, గొంగడి పరచాలి. ఈ కురుమ ఇంట్లో పెళ్ళికొడుకుకు పరిచారు, పంచాయతీ పెద్దలకు పరిచారు, ఇప్పుడు మనవరాలి మిషన్‌కు పరిచారు. లక్ష్మీనారాయణ అది చూసి తను అమ్మిన వస్తువుకు ఇంత మర్యాదా అని ముచ్చటపడ్డాడు. తనకు దక్కింది ప్లాస్టిక్ కుర్చీ అని కాస్త చివుక్కుమంది కూడా.

రోహిణి మిషన్ తెరిచి కొలిచింది. రెండు వందల తొంభై ఆరు.

"చూసినావా పాపా," అంటూ లక్ష్మీనారాయణ కుర్చీలోంచి సగం లేచాడు.

"ఆగండి అంకుల్. మొదట్ల బాగనే చూపిస్తది. జరసేపు పని చేయనియ్యండి."

పెద్ద ప్రోగ్రామేదో పెట్టి నడిపించింది. బయట ఎండ పెటపెటలాడుతోంది. ఫ్యాను తిరుగుతోంది గానీ అది వేడిగాలినే అటు నుంచి ఇటు పంపుతోంది. కాసేపయ్యాక రోహిణి మళ్ళీ కొలిచి తెర ఆయన వైపు తిప్పింది. నూట నలభై ఎనిమిది.

బాలనర్సయ్య తెర మీద నుంచి తలెత్తాడు. ఊరికే చూశాడు. ఆ చూపు కంటే ఆ రోజు దుకాణంలో అన్న మాటే నయమనిపించింది లక్ష్మీనారాయణకు.

ఆయనకు తెలిసిన వైద్యమంతా చేశాడు. కరెంటు సరిగ్గా అందకపోతే బ్యాటరీ ఆదా కోసం వేగం తగ్గించుకునే మిషన్లుంటాయని విన్నాడు. వేరే ప్లగ్గులో పెట్టాడు. అదే నూట నలభై ఎనిమిది. ఆపి మళ్ళీ తెరిచాడు. ఇంకా తగ్గింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి వేరే దారి లేక, కనీసం సరుకైనా కంపెనీదేనని చూపిద్దామనుకున్నాడు.

"అన్నా, దీని కింద కంపెనీవాళ్ళ చీటీ ఉంటాది. నంబరుతో సహా. నేను అంటించింది కాదు. నీ కళ్ళతో చూడు."

రెండు చేతులా మిషన్ ఎత్తాడు. అరచేతులు చుర్రుమన్నాయి. పొయ్యి మీది గిన్నె పట్టుకున్నట్టు ఉలిక్కిపడి, కింద పడేయకుండా ఎలాగో నేల మీదికి దించి, అడుగు భాగం గదివైపు ఉండేలా గోడకు నిలబెట్టాడు. తండ్రీ కూతుళ్ళు వంగి ఆ చీటీ చదివారు. చీటీ అసలుదేనని కూతురు, అసలు చీటీ తీసి ఇంకోదానికి అంటించలేరా అని తండ్రి, కాసేపు వాదులాడుకున్నారు. బాలనర్సయ్యకు అనుమానం వస్తే అంత తేలిగ్గా వదలదు. ఆ వాదన తేలక రోహిణి మిషన్‌ను అక్కడే కటికనేల మీద పెట్టుకుని, ఇంకోసారి కొలుస్తానంది.

రెండు వందల తొంభై ఏడు.

ముగ్గురూ తెర వంక చూశారు. రోహిణి ఏమనుకుందో ఏమో, లేచి వెళ్ళి గొంగడి మీద చెయ్యి పెట్టింది. కుంపటిలా ఉంది. వచ్చి మిషన్ ఎత్తి అడుగున ఉన్న సన్నటి చీలికలు చూసింది. మళ్ళీ గొంగడి మీద పెట్టి ఇందాకటి ప్రోగ్రాము నడిపించింది. ఈసారి ఎవరూ కూర్చోలేదు. అంకె కొలిచినకొద్దీ దిగింది. నేల మీద, కింద రెండు చెక్కముక్కలు పెట్టి నడిపిస్తే ఎంతసేపైనా పెద్దగా దిగలేదు.

"నాయినా, గాలి పోవాల్సిన తొవ్వలు కిందున్నయి. గొంగడి వాటిని మూసేసింది. లోపల వేడెక్కుతున్నది. వేడెక్కితే కాలిపోకుండ ప్రాసెసర్ తనంతట తనే మెల్లగయితది. గంతే. అంకుల్ దుకాణంల గాజు బల్ల మీద కొలిస్తే అందుకే బాగ నడిచింది."

లక్ష్మీనారాయణ కుర్చీలో కూలబడ్డాడు. సంతోషమో నీరసమో తెలియని స్థితి. తను మోసపోలేదు, మోసం చెయ్యలేదు.

పోచమ్మ మాత్రం గొంగడి మడతలు విప్పుతూ నిలబడిపోయింది.

"కటికనేల మీద ఎట్ల కూసోవెడ్తరని నేనే పరిచిన బిడ్డా. నా గొంగడి పాడుగాను. నా మూలంగ నిన్ను దొంగన్నరా?"

"నీ తప్పేముందమ్మా. మర్యాద చేసినావు." లక్ష్మీనారాయణ అక్కడితో ఆపొచ్చు. తనకు అంతకుమించి అవసరం లేదు. కానీ ఆ ముసలామె మొహం చూశాక ఆగలేకపోయాడు. "అసలు తప్పు నా నోటిది. పొద్దున మూడు వందలే, మాపు మూడు వందలే అని కోతలు కోసినా. ఆ అంకె అది ఎంత పరిగెత్తగలదో చెప్పేదే. ఎప్పుడూ అట్లనే పరిగెత్తుతాదని కాదు. వేడెక్కితే తగ్గుతాది, బ్యాటరీ మీద తగ్గుతాది. నాకు సగం తెలుసు, సగం తెలీదు. తెలిసిన సగమూ చెప్పలే."

"ఎండల గొర్లు నడుస్తయా మరి. నీడ జూసుకోని నిలవడ్తయి. కొడ్తె సస్తయి," అంది పోచమ్మ. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు.

బాలనర్సయ్య మీసం దువ్వుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, బయటికీ లోపలికీ తిరిగాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు ట్రాక్టరు రివర్స్ చేయడం కంటే కష్టమైన పని.

"సరే సేటూ, అయిందేదో అయింది. దిల్‌ల పెట్టుకోకు. బువ్వ తిని పో."

తిన్నాడు. కోడికూర బాగుంది. అయినా ముద్ద ముద్దకూ ఒకటే ఆలోచన. మాట అన్నది బజారులో, వెనక్కి తీసుకున్నది నాలుగు గోడల మధ్య. ఇక్కడ దొంగ కాకుండా పోయాడు సరే, మాదాపూర్‌లో ఇంకా దొంగే కదా. అది అడగడానికి నోరు రాలేదు. అన్నం పెట్టిన ఇంట్లో అదనంగా పరువు కూడా వడ్డించమని ఎలా అడుగుతాడు?

చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి పోచమ్మ గొంతు వినబడింది.

"గా మాట యాడన్నవురా?"

"దుకాణంల."

"ఎంతమందున్నరు?"

లక్ష్మీనారాయణ స్కూటరు స్టార్ట్ చేశాడు.

వారం దాటింది. బాలనర్సయ్య రాలేదు. లక్ష్మీనారాయణ తనే నలుగురికీ గొంగడి కథ చెప్పబోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని ఆయనకే అనిపించి మధ్యలో మానేశాడు. అడక్కుండా సంజాయిషీ చెప్పేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

ఒక సాయంత్రం దుకాణం ముందు జీపు ఆగింది. ముందు బాలనర్సయ్య దిగాడు. వెనక నుంచి విశ్వేశ్వరరావు, ఎందుకు తీసుకొచ్చారో ఇంకా అర్థం కాని మొహంతో దిగాడు. ఆ రోజున్న టవర్ కుర్రాళ్ళిద్దరినీ రోహిణి వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు ఏ ఆఫీసువాళ్ళో ఆనవాలు పట్టడానికే ఆమెకు వారం పట్టింది. బాలనర్సయ్య పక్క హోటల్లోకి కేకేసి వీరేశాన్ని కూడా పిలిపించాడు. అందరూ లోపల సర్దుకున్నాక బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆ దినం మీరందరున్నరు. మీరుండంగ నేను ఈ సేటును దొంగన్న. గది తప్పు మాట. మిషన్ మంచిదే. మా ఇంట్ల గొంగడి మీద పెట్టినం, ఉడికిపోయి మెల్లగయింది. ఈయన దొంగ గాదు. నా మాట నేను వాపస్ తీసుకుంటున్న. విన్న చెవులే మళ్ళ వినాలెనని మా అమ్మ చెప్పింది, అందుకే మిమ్ముల పరేషాన్ చేసిన."

లక్ష్మీనారాయణకు కళ్ళు మసకబారాయి. దుమ్ము తుడిచే గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

విశ్వేశ్వరరావే ముందుగా తేరుకున్నాడు. "చాలా సంతోషమండి. మనసులో అనుమానం పోయింది. అయితే మన పాత బేరం ఖాయం చేసుకుందాం. మిషన్లన్నీ మూడు వందలవే కదా? ఎప్పుడు నడిపినా మూడు వందలు వస్తుందని ఒక్క ముక్క రాసిచ్చేయండి, చాలు. అవతలి వీధి దుకాణం ఆయన రాసిస్తానన్నాడండి."

అందరూ లక్ష్మీనారాయణ వైపు చూశారు. ఒక్క ముక్క. నెల కిందటైతే అడగకుండానే రాసిచ్చేవాడు.

"అట్ల రాయలేను సార్. బల్లల మీద పెట్టేవి మామూలుగా మూడు వందలకు దగ్గరే నడుస్తాయి. ల్యాప్‌టాప్‌లు మాత్రం ఎండాకాలం ఏసీ లేని గదిలో తగ్గుతాయి. బ్యాటరీ మీద తగ్గుతాయి. పరుపు మీద పెడితే సగమవుతాయి. ఎంత తగ్గుతాదో నాకే తెలీదు. పరిగెత్తగలిగేది మూడు వందలని మాత్రం రాసిస్తా."

"మీ నిజాయితీకి నమస్కారమండి," అన్నాడు విశ్వేశ్వరరావు. నిజంగానే చేతులు జోడించాడు. "కానీ నేను ఫీజు కట్టే తండ్రులకు ఏం చెప్పుకోను? అప్పుడప్పుడూ మూడు వందలనా?"

ఆయన మెట్లు దిగి, దుమ్ములో జాగ్రత్తగా అడుగులేస్తూ అవతలి వీధి వైపు వెళ్ళాడు. కుర్రాళ్ళు ఆఫీసుకు, వీరేశం హోటల్‌కు వెళ్ళిపోయారు. బాలనర్సయ్య తల పట్టుకున్నాడు.

"మియాపూర్ కెల్లి జీపుల తోల్కొస్తి. ఒక్క మాట రాసిస్తే నీ సొమ్మేం బోయె సేటూ? అంత పెద్ద బేరం పాయె. బాధయితలేదా నీకు?"

"అవుతాందన్నా," అన్నాడు లక్ష్మీనారాయణ, రోడ్డు దాటుతున్న విశ్వేశ్వరరావునే చూస్తూ. "కానీ కొనకుండా పోయినాడు, అంతే గదా. దొంగ అనుకుని పోలేదు."